చుక్క ఎక్కడ, ఖాళీ ఎక్కడ?

ఉర్దూ నేర్చుకొనే బాలునికి ఉపాధ్యాయుడు మొట్టమొదట చెప్పే హితవు చుక్కను గూర్చినది. ‘దువా’ అనే పదంలో నడిమి అక్షరం నెత్తిన ఒక్క చుక్క పెట్టినంతనే అది ‘దగా’ అవుతుంది. ‘ఖుదా’ అనే పదంలో పైనున్న చుక్కను కిందికి దించినంతనే అది ‘జుదా’ అవుతుంది. ప్రార్థన మోసమైపోవడానికీ, దైవం ఎడబాటైపోవడానికీ మధ్య అడ్డుగా ఉన్నది సూదిమొనంత సిరా మాత్రమే. పాత దస్తావేజులు రాసిన మున్షీలు త్వరలో ఉన్నప్పుడు చుక్కలను వదిలివేసేవారు. చదివేవాడికి సందర్భం తెలుసు గనుక వారికి ఆ ధీమా. సందర్భం తెలిసిన తరం గతించిన పిమ్మట ఆ కాగితాలు చదవబోయిన వారికి మాత్రం ఆ ధీమాయే శిక్ష అయింది.

తెలుగులోనూ ఇటువంటి మర్మం ఒకటి ఉన్నది. ఉత్పలమాలలో మొదటి గురువును రెండు లఘువులుగా మార్చి రాయండి, అది చంపకమాల అవుతుంది. ఆపైన పాదమంతా అదే నడక, అదే గతి. కాని అక్షరాలు ఇరవై నుండి ఇరవై ఒకటికి పెరుగుతాయి, యతి పదవ అక్షరం నుండి పదకొండవ అక్షరానికి జరుగుతుంది. ఈ సంగతి ఎరుగని విద్యార్థి చంపకమాలలో పదవ అక్షరం వద్ద యతిని వెదకి, కనిపించక, కవి తప్పు చేశాడని తీర్పు చెబుతాడు. కవి తప్పు చేయలేదు. చదివేవాడు ఒక గడి పక్కకు జరిగి చదివాడు. అంతే.

మేము తెలుగు బోధించే వారము. యంత్రాలతో మాకు గల పరిచయం స్వల్పము. అయినను ఈ సంచికలో కంప్యూటరును గూర్చి, అందునా ఫోర్ట్రాన్ అనే పాత భాషను గూర్చి, రాయ సాహసించుటకు ఒక కారణం ఉన్నది. మా పూర్వ విద్యార్థిని ఒకామె, దాచేపల్లి పరిసర గ్రామంలోని ఒక మిరప రైతు కుమార్తె, వేరొక చోట ఎమ్మెస్సీ చదువుతూ, తన పరిశోధన వ్యాసంలో అంకెలు కల్పించిందన్న నింద మోసి మా వద్దకు వచ్చింది. ఆమె కల్పించలేదు. చుక్కను, ఖాళీని యంత్రం ఒక విధంగా చదివింది, రాసినవారు మరొక విధంగా తలచారు. ఈ రెండింటి మధ్య ఒక ఆడపిల్ల నిజాయితీ నలిగిపోయింది. ఆ కథ చెప్పి, దానినుండి మాకు తోచిన అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆమె ఎంచుకున్న అంశం మన నేలకు సంబంధించినదే. పల్నాటి పత్తి, మిరప పైర్లకు ఏ నెలలో ఎంత వాన అవసరం, గడచిన దశాబ్దాలలో ఎన్ని ఏండ్లు ఆ అవసరం తీరింది, ఎన్ని ఏండ్లు తీరలేదు అని తేల్చడం. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు అందే పొలాల మాట వేరు. కాలువ ఎక్కని మెట్టచేలకు నేటికీ ఆకాశమే దిక్కు. అటువంటి చేలకు ఈ లెక్క పొట్టకూటి లెక్క. పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకులు, తాము యౌవనంలో రాసిన ఫోర్ట్రాన్ ప్రోగ్రాంను, కార్డుల నుండి ఎప్పుడో ఫైలుగా ఎక్కించిన వర్షపాతపు లెక్కలను వాత్సల్యంతో ఆమెకు ఇచ్చారు. ఆమె దానిని నేటి కంపైలరుతో నడిపింది.

కంపైలర్ అనగా మనుష్యుడు రాసిన ప్రోగ్రాంను యంత్రం భాషలోకి దించే దుబాసీ అని అనుకోవచ్చును. ఫోర్ట్రాన్ భాషను 1957లో జాన్ బాకస్ నాయకత్వాన ఐ.బి.ఎం. సంస్థ వారు లోకానికి అందించారు. నాటినుండి దుబాసీలు ఎందరో వచ్చారు. 1966లో అమెరికాలో ఆ భాషకు ఒక ప్రమాణం ఏర్పడింది. ఫోర్ట్రాన్ 77 అనే ప్రమాణం 1978లో వెలువడింది. ఫోర్ట్రాన్ 90 అనేది 1991లో వచ్చింది. తరువాత ఇంకెన్నో సవరణలు. దుబాసీ మారినప్పుడు భాష పేరు మారలేదు గాని, కొన్ని పాత మాటల అర్థం మారింది. అసలు చిక్కు అక్కడనే ఉన్నది.

నాటి ప్రోగ్రాంలకు అంకెలు అందించే సాధనం కార్డు. గట్టి కాగితపు ముక్కపై ఎనభై నిలువు గళ్ళు, ఒక్కొక్క గడికి ఒక్కొక్క అక్షరం. అంకెకూ అంకెకూ మధ్య ఖాళీ విడువవలెనన్న నియమం లేదు. మన తాళపత్రాలలో పదానికీ పదానికీ మధ్య ఎడం లేనట్లే అక్కడా ఎడం లేదు. ఎక్కడ విరవవలెనో చెప్పేది ఫార్మాట్ అనే వాక్యం. ‘మొదటి రెండు గళ్ళు సంవత్సరం, తరువాతి రెండు గళ్ళు నెల, ఆపైన రోజుకు నాలుగేసి గళ్ళ చొప్పున వాన’ అని ఆ వాక్యం శాసిస్తుంది. అంతేకాదు, దశాంశపు చుక్కను కూడా అది ఊహగా ధరించగలదు. ‘ఎఫ్ 4.1’ అని రాస్తే, నాలుగు గళ్ళు తీసుకొని, చుక్క కనబడకపోతే చివరి అంకెకు ముందు చుక్క ఉన్నట్లే భావించుమని అర్థం. కార్డుపై 450 అని ఉంటే యంత్రం 45.0 అని గ్రహిస్తుంది. చుక్కకు ఒక గడి వ్యర్థం కాకూడదని నాటివారు చేసిన పొదుపు ఇది. మున్షీ చుక్క వదిలినట్లే ఇంజనీరూ చుక్క వదిలాడు. ఎనభై గళ్ళలో లోకాన్ని ఇమడ్చవలసిన వాడికి అది తప్పు కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ఆ నాలుగు గళ్ళలో మొదటిది ఖాళీ, రెండవదానిలో 4, మూడవదానిలో 5, నాల్గవది ఖాళీ అనుకొనండి. ఇది ఎంత వాన?

1966 నాటి నియమం ప్రకారం అంకెల వెనుక వచ్చే ఖాళీ సున్నాతో సమానం. కనుక అది 450, ఊహాచుక్కతో 45.0 మిల్లీమీటర్లు. చేను తడిసి వాగు పారే వాన. ఫోర్ట్రాన్ 77 నుండి, ప్రోగ్రాం స్వయంగా తెరచిన ఫైలులో, వేరుగా చెప్పనంతవరకు, ఖాళీ అనగా శూన్యం కూడా కాదు, అసలు లేనట్లే లెక్క. కనుక అది 45, ఊహాచుక్కతో 4.5 మిల్లీమీటర్లు. మట్టి వాసన లేపి పోయే చినుకు. అదే కార్డు, అవే అంకెలు, అదే ఫార్మాట్ వాక్యం. మధ్యలో మారినది దుబాసీ ఒక్కడే. వాన పదోవంతు అయింది.

ఆ విద్యార్థిని ఫైలులో జరిగినది ఇదే. ఆ లెక్కలను నాడు ఎక్కించిన వారు ఒకరు కాదు. ఒకరు చివరి సున్నాను శ్రద్ధగా కొట్టారు. మరొకరు వానను పూర్ణ మిల్లీమీటర్లలోనే రాసి, యంత్రం ఎలాగూ సున్నాగానే చదువుతుందని చివరి గడిని ఖాళీగా వదిలారు. నాటి యంత్రంలో ఇద్దరి పనీ సమానంగా చెల్లింది. నేటి యంత్రంలో ఒకరి నెలలు సరిగా వచ్చాయి, మరొకరి నెలలు పదోవంతుకు కుదించుకుపోయాయి. ఒకే ఏడాదిలో ఆగస్టు నిండు వర్షం, సెప్టెంబరు ఎడారి. ఆ పట్టిక చూసిన పరీక్షకులకు సందేహం కలగడంలో ఆశ్చర్యం లేదు. పొరుగు కేంద్రాల లెక్కతో అది పొసగలేదు. తన సిద్ధాంతం నిలబెట్టుకొనుటకు సెప్టెంబరు కరవును ఈమె సృష్టించినదని వారు అనుమానించారు. వారినీ మేము నిందించము. అనుమానించడం పరీక్షకుల ధర్మం. కాని తన తప్పు ఏమిటో తనకే తెలియని నేరానికి సమాధానం చెప్పుకోవలసి రావడం కంటె దుస్థితి విద్యార్థికి మరొకటి లేదు.

తప్పును కనుగొన్నది యంత్రం కాదు, మేమూ కాము. ఆమె తండ్రి. సెలవులలో కుమార్తె ముందర పరచుకున్న పట్టికను ఆయన చూసి, ఆ ఏడు చూపి, ‘ఆ సెప్టెంబరులో వానలు లేవని ఎవరన్నారమ్మా? పత్తిచేలో మోకాటి లోతు నీళ్ళు నిలిచి వేరు కుళ్ళింది. ఆ అప్పు తీర్చేసరికి నాకు నాలుగేళ్ళు పట్టింది’ అన్నారట. అప్పుచేసినవాడు ఆ ఏటిని మరచిపోడు. ఆ మాట పట్టుకొని ఆమె ఆ వృద్ధ అధ్యాపకుల ఇంటికి వెళ్ళి, అటకమీదినుండి పాత రిజిస్టరు నకలును దింపించింది. అందులో ఆ నెల మొత్తం 162 మిల్లీమీటర్లు. ఆమె యంత్రం చెప్పినది 16.2.

ఆ రిజిస్టరులో మరొక విశేషం కనబడింది. అది ఇంకను దారుణము. ఆ నెలలోనే నాలుగు రోజుల ఎదుట అంకె లేదు, అడ్డగీత మాత్రం ఉన్నది. వాగు పొంగి దారి తెగినందున కొలిచే మనిషి రాలేకపోయాడని అంచున రాసి ఉంది. ఆ అడ్డగీతను కార్డుపై ఎక్కించినవారు గళ్ళను పూర్తిగా ఖాళీ వదిలారు. నాలుగు గళ్ళూ ఖాళీ అయితే ఫోర్ట్రాన్ ఏ కాలంలోనైనా దానిని సున్నాగానే చదువుతుంది. ఇందులో పాత నియమం, కొత్త నియమం అనే భేదం లేదు. అంటే, దారి తెగేటంత వాన కురిసిన రోజులు, చుక్క రాలని రోజులుగా లెక్కలోకి ఎక్కాయి!

‘లేదు’ అనే మాట వేరు, ‘తెలియదు’ అనే మాట వేరు. తెలుగు నేర్చిన పసివాడికి ఈ భేదం తెలుసు. ‘ఇంట్లో నాన్నగారు లేరు’ అనడానికీ, ‘ఉన్నారో లేదో తెలియదు’ అనడానికీ మధ్య ఎంత దూరం! ఖాళీ గడికి ఈ భేదం తెలియదు. శాస్త్రజ్ఞులు ఈ చిక్కును ఎప్పుడో గుర్తించారు. కొలత లేని చోట ఖాళీ వదలక, వానకు ఎన్నటికీ పొసగని -99 వంటి అంకెను వేయడం అనేక చోట్ల ఆచారంగా ఉన్నది. వాన ఎప్పుడూ సున్నా కంటె తక్కువ కురవదు గనుక, ఆ అంకె కనబడిన చోట ‘తెలియదు’ అని గ్రహించవచ్చును.

ఈ ఆచారాల వెనుక మన తెలుగునేలకు గౌరవప్రదమైన స్థానం ఉన్నదని చెప్పుటకు సంతోషిస్తున్నాము. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థలో, 1983 మార్చి మాసంలో, పైర్ల పెరుగుదలను లెక్కకట్టే ప్రోగ్రాంలకు అవసరమైన కనీస సమాచారం ఏది అన్న విషయంపై అంతర్జాతీయ గోష్ఠి జరిగింది. ఒక దేశపు పొలంలో చేసిన ప్రయోగాన్ని మరొక దేశపువాడు చదివి వినియోగించుకోవలెనంటే నేల గురించి, వాతావరణం గురించి, పైరు గురించి ఏయే అంకెలు, ఏ వరుసలో ఉండవలెనో నిర్ణయించుకొనే ప్రయత్నమది. అదే ఉద్యమం నుండి డి.ఎస్.ఎస్.ఎ.టి. అనే ప్రోగ్రాంల సముదాయం ఎదిగి 1989లో వెలువడింది. అది నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దానిలోని పైరు నమూనాలు ఫోర్ట్రాన్‌లోనే ఉన్నవి, పత్తికి కూడ అందులో నమూనా ఉన్నది. దాని వాతావరణ ఫైలు తెరచి చూడండి. తేదీ, ఎండ, గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, వాన అని తలకట్టు వరుసలో రాసి ఉంటుంది. లేని కొలతకు -99. ఆ తలకట్టు ఉన్నందుననే ముప్పై ఏండ్ల తరువాత కూడ ఆ ఫైలు అనాథ కాలేదు. అయితే అక్కడా పాత పొదుపు తన జాడ వదిలింది. సంవత్సరానికి రెండే అంకెలు కేటాయించినందున, 05 అంటే 1905 ఏమో, 2005 ఏమో ప్రోగ్రాం ఊహించుకోవలసి వచ్చింది.

విదేశాలలోనూ ఇట్టి అనర్థాలు జరిగినవి. 1999 సెప్టెంబరులో అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక అంగారకుని చేరబోతూ నాశనమయింది. అంకె సరిగానే అందింది, అది పౌండ్ల కొలతలో ఉన్నదా న్యూటన్ల కొలతలో ఉన్నదా అన్న విషయంలో ఇరుపక్షాలకూ ఏకాభిప్రాయం లేకపోయింది. 2009 నవంబరులో ఇంగ్లాండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయపు వాతావరణ పరిశోధన విభాగం నుండి దొంగిలింపబడి బయటపడిన కాగితాలలో ఒక ప్రోగ్రామరు రాసుకున్న సుదీర్ఘమైన టిప్పణి ఉన్నది. పూర్వీకులు వదలివెళ్ళిన ఫైళ్ళలో ఏ గడి ఏమి చెబుతున్నదో, లేని కొలతకు ఏ గుర్తు వేశారో తెలియక అతడు పడిన యాతన అందులో కనబడుతుంది. లోకం దానిని మోసానికి సాక్ష్యమని కేకలు వేసింది. తరువాత జరిగిన విచారణలు శాస్త్రజ్ఞులు మోసం చేయలేదని తేల్చాయి, మరింత బాహాటంగా వ్యవహరించవలెనని మందలించాయి. మా విద్యార్థిని కథ అక్కడ పెద్ద తెరమీద నడిచినది. లెక్క రాసిన తీరు రాయకపోతే, నిజాయితీపరుడు సైతం బోనులో నిలబడవలసి వస్తుంది.

ఇక మా అభిప్రాయం.

మొదటిది. కేకలు వేసే తప్పు మిత్రుడు, మౌనంగా ఉండే తప్పు శత్రువు. ఆమె పాత ప్రోగ్రాంను తొలిసారి నడిపినప్పుడు కంపైలరు అనేక ఆక్షేపణలు చెప్పిందట. ఫార్మాట్ వాక్యంలో కామా లేదన్నది. డెబ్బైరెండవ గడి దాటిన మాటలు విడిచివేస్తానన్నది. వరుస పొట్టిగా ఉన్నదన్నది. వాటన్నిటినీ ఆమె రెండు రోజులలో చక్కదిద్దింది. ఆమెను నాశనం చేయబోయినది ఆక్షేపణ చెప్పిన తప్పు కాదు, నోరు మెదపక 45.0ను 4.5గా చదివిన తప్పు. కనుక ప్రోగ్రాం ఆగకుండా నడిచింది గనుక సరియైనదే అన్న భ్రమను విద్యార్థులు విడనాడవలెను. తప్పులేకుండా పద్యం అప్పజెప్పినవాడికి అర్థం తెలిసినదని ఏ ఉపాధ్యాయుడు నమ్ముతాడు?

రెండవది. ఫైలులోని మార్పులు కంటికి ఆనవు. టాబ్ అనే మీట నొక్కితే తెరపై ఎనిమిది గళ్ళ ఎడం కనబడవచ్చును, ఫైలులో అది ఒక్క గుర్తు మాత్రమే. గళ్ళను లెక్కించే ప్రోగ్రాంకు ఆపైనదంతా పక్కకు జరిగిపోతుంది. కార్డుకు ఎప్పుడూ ఎనభై గళ్ళు ఉండేవి. నేటి ఎడిటర్లు వరుస చివరి ఖాళీలను అనవసరమని కత్తిరించివేస్తాయి. ఒక కంపైలరు పొట్టి వరుసను ఖాళీలతో నింపుకొని సాగిపోతుంది, మరొకటి ఆగిపోతుంది. అంకె మధ్య కామా వస్తే ఒకటి దానిని ముగింపుగా భావిస్తుంది, మరొకటి తిరస్కరిస్తుంది. 2005లో జి.సి.సి. అనే ఉచిత కంపైలర్ల సముదాయంలో పాత జి77 స్థానాన జిఫోర్ట్రాన్ వచ్చినప్పుడు, నిన్నటిదాకా నడచిన ప్రోగ్రాంలు ఎన్నో ఇటువంటి చిన్న భేదాల వద్దనే తడబడినవి. కాబట్టి కొత్త కంపైలరుకు మారిన ప్రతిసారీ, జవాబు ముందే తెలిసిన ఒక నెల లెక్కను చేతితో కట్టి, యంత్రం లెక్కతో సరిపోల్చడం తప్పనిసరి కావలెను. కిరాణా కొట్టువాడు కూడ కొత్త తూకపురాళ్ళను పాత రాళ్ళతో సరిచూసుకొని గాని వ్యాపారం మొదలుపెట్టడు.

మూడవది. ఈ పాత భాషను పారవేసి, అన్నిటినీ కొత్త భాషలో తిరిగి రాస్తే పీడ విరగడౌతుంది గదా అని యువకులు అంటారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. కాని తిరిగి రాసేవాడు కూడ ఆ పాత కార్డునే చదవవలెను గదా! చివరి ఖాళీ సున్నాయా, శూన్యమా అన్నది తెలియనివాడు ఏ భాషలో రాసినా ఆ తప్పునే రాస్తాడు. చంపకమాలను ఉత్పలమాలగా పొరబడినవాడు దానిని ఎంత అందమైన దస్తూరిలో నకలు తీసినా యతి కుదరదు. తిరిగి రాయడం తరువాతి పని, తెలుసుకొనడం ముందు పని. పైగా వాతావరణాన్ని లెక్కకట్టే గొప్ప ప్రోగ్రాంలు నేటికీ ఫోర్ట్రాన్‌లోనే నడుస్తున్నాయి. దానిని ముసలి భాష అని ఎగతాళి చేయడం, అన్నం పెట్టే తాతను ఎగతాళి చేయడం వంటిది.

నాల్గవది, మాకు అన్నిటికంటె ముఖ్యమైనది. లెక్కలను ఇచ్చేవారు లెక్కలతోపాటు వాటి చదువును కూడ ఇవ్వవలెను. ఏ గడిలో ఏమున్నది, ఏ కొలతలో ఉన్నది, చుక్క ఎక్కడ ఉన్నట్లు భావించవలెను, ఖాళీకి అర్థమేమి, కొలత లేని రోజుకు గుర్తేమి, ఏ యంత్రంపై, ఏ కంపైలరుతో నడిచింది, ఎవరు ఎక్కించారు. ఈ ఏడు మాటలు ఒక కాగితంపై రాస్తే అరగంట పని. రాయకపోతే ఒక తరం కష్టం. మన వర్షమాపక కేంద్రాలలో వానను ఉదయం ఎనిమిదిన్నర గంటలకు కొలిచి ఆ తేదీన రాస్తారు. అంటే ఆ తేదీ కింద ఉన్న వానలో అధికభాగం ముందటి రోజున కురిసినదే కావచ్చును. మెట్రిక్ పద్ధతికి పూర్వపు రిజిస్టర్లలో అంగుళాలు, సెంట్లు ఉంటాయి. ఈ సంగతులు కొలిచేవాడికి నిత్యవ్యవహారం, నలభై ఏండ్ల తరువాత చదివేవాడికి అవి నిగూఢరహస్యాలు. అందరికీ తెలిసినదే గదా అని రాయకుండా వదిలినవే ముందుగా మరుగున పడతాయి.

ఇది విజ్ఞానశాస్త్ర విద్యార్థుల సమస్య మాత్రమేనని సాహిత్య విద్యార్థులు సంతోషించనక్కరలేదు. యూనికోడ్ వాడుకలోకి రాకమునుపు అను ఫాంట్లలో కూర్చిన తెలుగు వ్యాసాలను, ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ వ్యాసాలను ఆ ఫాంటు, ఆ ప్రోగ్రాం లేని నేటి యంత్రంలో తెరచి చూడండి. అక్షరాల స్థానంలో అర్థంలేని గుర్తులు బారులు తీరి ఉంటాయి. రచన అక్కడనే ఉన్నది, చదివే సూత్రం లేదు. రెండు భాషలలో వెలువడే ఇటువంటి పత్రికకు ఈ ముప్పు రెండింతలు.

ఆ విద్యార్థిని సంగతి చెప్పి ముగిస్తాము. ఫైలును తెరిచే వాక్యంలో ఖాళీని సున్నాగా చదువుమని ఒక్క మాట చేర్చితే సెప్టెంబరు వాన తిరిగి వచ్చింది. కాని ఆమె అక్కడ ఆగలేదు. అందరూ ఒకే విధంగా రాసి ఉండరని, ఎవరైనా అంకెను ఎడమకు జరిపి కొట్టి ఉంటే ఈ మందు అక్కడ విషమై వానను పదింతలు చేస్తుందని గ్రహించి, రిజిస్టరు నకలుతో ప్రతి నెల మొత్తాన్నీ సరిచూసింది. అడ్డగీత ఉన్న నాలుగు రోజులకు -99 వేసి, ఆ నెల లెక్క అసంపూర్ణమని స్పష్టంగా రాసింది. పరీక్షకుల వద్దకు తిరిగి వెళ్ళి, ఇరువైపుల లెక్కలూ, వాటి మధ్య తేడాకు కారణమూ వారి ఎదుట ఉంచింది. వారు ఆ కాగితాలను ఓపికతో చదివారు. నింద తొలగింది. వ్యాసానికి అనుబంధంగా రెండు పుటలు చేర్చుమని వారే సలహా ఇచ్చారు. ఆ రెండు పుటలలో ఉన్నది ఫార్మాట్ వివరణ మాత్రమే.

మొన్న ఆమె తన ఫైలును మాకు పంపినది. దాని మొదటి వరుసలలో అంకెలు లేవు. ఏ గడి ఏమిటో, ఖాళీకి అర్థమేమిటో, చుక్క ఎక్కడ ఉన్నదో తేటతెల్లంగా రాసి ఉంది. కొలత లేని రోజుల ప్రస్తావన వద్ద, వాగు పొంగి మనిషి రాలేకపోయాడన్న పాత అంచు మాటను కూడ చేర్చింది. ఆ వానలో తడిసిన చేను ఆమె తండ్రిది. రేపు ఆ ఫైలు తెరిచే అపరిచిత విద్యార్థి, ఆ నాలుగు రోజులు వాన లేదని పొరబడడు.

మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు ఏ శాఖలో ఉన్నను, తాము వదలివెళ్ళే ప్రతి లెక్కకూ, ప్రతి రచనకూ ఇటువంటి నాలుగు వరుసల చిరునామాను జతచేయుదురుగాక అని కోరుతున్నాము. చదివేవాడు మనలను ఎరుగడు. అతడు ఊహించుకోవలసిన చుక్కలు ఎంత తక్కువ మిగిల్చితే, అతనికి మనము చేసిన మేలు అంత ఎక్కువ.